సంతకం అక్కర్లేని ఫారం

మా యూనివర్సిటీలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ పేరు హెచ్.ఆర్. విభాగం అయిన రోజున పాత బోర్డు పారేయబుద్ధి కాక, కుంటుతున్న నా బల్ల కాలి కింద పెట్టించాను. ఇప్పటికీ అక్కడే ఉంది. పేరు మారింది గాని గదీ, బీరువాలూ, పాత ఫైళ్ళ ముక్క వాసనా, నేనూ అవే. కొత్తగా నెత్తిన పడింది ఒకే పని. నెలకోసారి ఉద్యోగులందరికీ ఒక సమాచార పత్రం రాసి మెయిల్లో పంపాలి. మొదటి పేజీలో నియామకాల్లో తెచ్చిన మెరుగుదలలు, రెండో పేజీలో ఉద్యోగుల క్షేమం. కింద పేరుండాల్సిన చోట ‘హెచ్.ఆర్. విభాగం’ అని ఉంటుంది. రాసేది నేను.

ఆ రాత నాకు తొందరగానే పట్టుబడింది. క్యాంటీన్లో పప్పు నీళ్ళలా ఉందని గోలపెడితే ‘తేలికపాటి ఆహారానికి ప్రాధాన్యం’ అని రాశాను. ఫ్యాన్లు సరిగా తిరగని హాల్లో పొద్దున్నే యోగా పెట్టించి, రానివాళ్ళకి సగం రోజు సెలవు కోసేసి, ‘ఉత్సాహంగా పాల్గొన్న సిబ్బంది’ అని ఫోటో వేశాను. ఆ ఫోటోలో ఉత్సాహంగా ఉన్నది డైరెక్టర్ గారొక్కరే. మిగతావాళ్ళు చేతులు పైకెత్తి ఉన్నారు గాని, మొహాలు చూస్తే పోలీసులు ఎత్తమన్నారేమో అనిపిస్తుంది.

డైరెక్టర్ గారు అంటే మా హెచ్.ఆర్. డైరెక్టర్. కాకినాడలో ఏదో కంపెనీలో చాలాకాలం మనుషుల్ని చూసుకుని మా దగ్గరికొచ్చారు. చూసుకోవడం అంటే ఆయన ఉద్దేశంలో తగ్గించడం. ఎవరినీ నువ్వు అనరు. గొంతు పెంచరు. ఒకరిని తీసేయాల్సి వస్తే కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, ఇంట్లో అందరూ బాగున్నారాండి అని అడిగి, ఆ తర్వాతే తీసేస్తారు. ఆయన గదిలోంచి బయటికొచ్చిన వాళ్ళకి తమ ఉద్యోగం పోయిందన్న సంగతి మెట్లు దిగాక గాని అర్థమయ్యేది కాదు. నేను ఆయన్ని మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు కాదని బుకాయించడం ఎందుకు.

కెమిస్ట్రీ ల్యాబులో ఒకామె అటెండరుగా పనిచేసేది. నా ఈడుదే. ఏళ్ళ తరబడి ల్యాబు రసాయనాలు అంటీ అంటీ వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి. పెళ్ళిళ్ళకి వెళ్తే గోరింటాకు పెట్టుకుని ఆ నలుపు దాచుకుంటానని ఒకసారి చెప్పింది. భర్త కడియం నర్సరీల్లో మొక్కల సంచులకి మట్టి నింపే పనికి వెళ్తాడు. వాళ్ళది లూథరన్ చర్చి. ఆదివారం ఏ డ్యూటీ వేసినా కిక్కురుమనకుండా వచ్చేది గాని, సాక్ష్యాల ఆదివారం మాత్రం ముందే వచ్చి సెలవు అడిగేది. ఆ రోజు వాళ్ళ చర్చిలో ఎవరికి జరిగింది వాళ్ళు లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకుంటారట. దాచకుండా చెప్పాలట.

ఇరవై ఏళ్ళకి పైగా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమే. కాంట్రాక్టు వాళ్ళకి ఏటా ఒక రోజు బ్రేక్ ఇస్తాం. ఆ ఒక్క రోజూ వాళ్ళు ఉద్యోగులు కారు, మర్నాడు మళ్ళీ కొత్తగా చేరినట్టు. ఇన్నేళ్ళు ఏకధాటిగా చేశాం, పర్మినెంట్ చేయండి అని ఎవరూ కోర్టుకెక్కకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. ఆ కాగితం తయారుచేసేదాన్ని నేనే. బ్రేక్ రోజున కూడా ఆమె బస్సెక్కి వచ్చేది. పిల్లలకి ప్రాక్టికల్స్ ఉన్నాయి, గాజు సామాను ఎవరు కడుగుతారండి అనేది. హాజరు పుస్తకంలో సంతకం మాత్రం పెట్టేది కాదు. ఇవాళ నేను లేను కదండి అని నవ్వి ల్యాబులోకి పోయేది. ఏడాదిలో ఆమె సంతకం లేని పనిదినం అదొక్కటే.

ఆ సంతకం అంటే ఆమెకి ఎంత పట్టింపో నాకు ముందునుంచీ తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఆమె ల్యాబులో స్పిరిట్ బయట అమ్ముకుంటోందని ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. విచారణ పేరుతో నెల రోజులు ఆమెను కాళ్ళరిగేలా తిప్పాం. చివరికి ఏమీ లేదని తేలింది. ఆ రోజు నా బల్ల ముందు నిలబడి, ఏడవకుండా, “పేరెట్టుకునే దమ్ము లేనోళ్ళు రాయడమెందుకండి” అంది. నేను ఫైలు మూసేసి, పోనీలే అమ్మా, వదిలేయ్ అన్నాను.

మా నియామకాల మెరుగుదల ఆమె దాకా వచ్చింది. సిఫారసు చీటీల రోజులు పోయాయని, ఇకనుంచి అన్ని ఉద్యోగాలూ పోర్టల్ ద్వారానేనని, మార్కులు వేసి పారదర్శకంగా ఎంపిక చేస్తామని నేనే రాశాను. కెమిస్ట్రీ ల్యాబుకి ఒక పర్మినెంట్ అటెండర్ పోస్టు మంజూరైంది. కాంట్రాక్టు పోస్టు రద్దయింది. అంటే ఆమె ఇన్నాళ్ళూ చేస్తున్న పనికి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. వస్తే పర్మినెంట్, రాకపోతే ఇంటికి. మధ్యలో ఇంకేమీ లేదు.

నా కంప్యూటర్ దగ్గరే కూర్చోబెట్టి దరఖాస్తు నింపించాను. అనుభవం అన్న గడిలో ఇరవై ఏళ్ళు అని కొడితే పోర్టల్ ఒప్పుకోలేదు. చివరి బ్రేక్ తర్వాతదే లెక్క, అలా చూస్తే ఆమె అనుభవం పదకొండు నెలలే. అదే వేశాను. ఆమె తెర మీద ఆ అంకె చూసి, కొంగు సర్దుకుని లేచింది. వెళ్ళేముందు, “మేడంగారండి, పర్మినెంట్ అయితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి అందరిచేతా ప్రార్థన చేయిత్తానని మొక్కుకున్నానండి. మీరు తప్పకుండా రావాలండి” అంది. వస్తాలే అన్నాను. నిజానికి ఆమెకే వస్తుందని నేనూ అనుకున్నాను.

ఆ నెలలోనే క్షేమం పేజీ కోసం డైరెక్టర్ గారు సర్వే పెట్టారు. లెక్చరర్లకి ఫోన్లో లింకు, అటెండర్లకి కాగితం ఫారం. పైన లావు అక్షరాలతో ‘పేరు, సంతకం అక్కర్లేదు’ అని అచ్చేయించాం. పొరపాటున ఎవరైనా పేరు రాస్తే ఆ ముక్క కత్తిరించి, మిగతాది పైకి పంపాలని నాకు నోటిమాటగా చెప్పారు. అందుకోసం స్టోర్స్ నుంచి కొత్త కత్తెర కూడా తెప్పించుకున్నాను.

అందరూ రాసింది ఒకటే. ‘బాగుంది.’ ‘ఏమీ లేవు.’ ‘యాజమాన్యానికి ధన్యవాదాలు.’ ఒక డ్రైవరు మూడు ప్రశ్నలకీ కలిపి అడ్డంగా ‘ఓకే’ అని గీసేశాడు. ఇక్కడి మనుషుల మర్యాద అలాంటిది. గొంతుమీద కాలేసి తొక్కుతూ ఎలా ఉన్నారండి అంటే, బానే ఉన్నామండి, మీరెలా ఉన్నారండి అంటారు.

ఆమె ఒక్కతే ఫారం ఇంటికి పట్టుకెళ్ళి మర్నాడు తెచ్చింది. రెండు వైపులా రాసింది. కింద పేరు, ల్యాబు పేరు, తేదీ, సంతకం.

“పేరు అక్కర్లేదని రాసుంది కదమ్మా” అన్నాను.

“రాయకూడదనా అండి, అక్కర్లేదనా అండి?”

“అక్కర్లేదని.”

“అయితే ఉండనీండి. పేరు లేకుండా రాత్తే అది ఆకాశరామన్న ఉత్తరం అవుద్దండి. ఆ బతుకు నాకొద్దండి.”

“ఇవన్నీ ఎందుకు రాశావు? ఏమీ లేవని రాస్తే సరిపోయేది.”

“అడిగారు కదండి” అంది. “నీ కష్టమేంటో చెప్పుకోమని పేరుపేరునా కాయితం ఇచ్చినాక దాత్తే తప్పు కదండి. మా చర్చిలో అయితే లేచి చెప్పుకుంటాం.”

చదివాను. ల్యాబులో ఆవిర్లు బయటికి లాగే ఫ్యాను పాడై మూడేళ్ళయిందని, యాసిడ్ సీసాలు పై అంతస్తుకి మోస్తుంటే తనకి ఆయాసం వస్తోందని, రెండుసార్లు మెట్ల మీద కూర్చుండిపోయానని, ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదని రాసింది. ఫ్యాను బాగు చేయిస్తే తనకే కాదు, పిల్లలకి కూడా మంచిదని రాసింది. అక్షరాలు గుండ్రంగా, బైబిల్లోంచి వాక్యాలు ఎత్తిరాసుకునే వాళ్ళ చేతిరాత.

“పైకి పంపేముందు పేరు కత్తిరించేస్తాను. నువ్వు కంగారు పడకు” అన్నాను.

“ఆయ్, అలాగేనండి. మీ ఇష్టమండి” అంది.

ఆ సాయంత్రం డైరెక్టర్ గారు పిలిచి ఫారాల కట్ట తిరగేశారు. “అన్నీ బాగుంది బాగుంది అనే ఉన్నాయండి. నిజమైన సమాధానం ఒక్కటన్నా లేదాండి? ఇలా అయితే మన సర్వే ఎవరు నమ్ముతారండి?” అన్నారు. ఆయన మొహంలో నిరాశ చూసి నాకు నామోషీ అనిపించింది. సర్వే నడిపింది నేను కదా. ఉందండి, ఒకటి ఉందండి అని నా బల్ల దగ్గరికొచ్చాను. ఫారం పైనే ఉంది. కత్తెర దాని పక్కనే ఉంది. కత్తిరించడానికి పట్టేది ఎంతసేపు. కత్తిరించకుండా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

ఫ్యాను తొందరగా బాగవుతుందని, పేరుంటే పట్టించుకుంటారని అలా చేశానని ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మెప్పు కోసం చేశాను. అంత కట్టలోంచి ఒక నిజం ఏరి తెచ్చింది నేనే అని ఆయనకి తెలియాలనుకున్నాను. కత్తిరించిన కాగితం అయితే నేనే రాసి తెచ్చాననుకుంటారేమోనని కూడా అనిపించింది. ఆయన రెండువైపులా చదివి, “చాలా మంచి పని చేశారండి” అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు పులకరించిన సంగతి కూడా రాసేస్తున్నాను.

ఇంటర్వ్యూ రోజున ఫైళ్ళు అందించడానికి నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకొచ్చింది. కుర్చీ చూపించారు. మంచినీళ్ళు తెప్పించారు. నీళ్ళ గ్లాసు చూడగానే నాకు సంగతి అర్థమైంది.

కెమిస్ట్రీ హెడ్ రెండు ప్రశ్నలు అడిగారు. ఏ యాసిడ్ ఏ సీసాలో పోయాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి. ఆ హెడ్ చదువుకునే రోజుల్లో ఇదే ల్యాబులో చేయి కాల్చుకుంటే, కుళాయి కింద పెట్టి పట్టుకున్నది ఈమే. ఆమె గడగడా చెప్పేసింది. ఆ తర్వాత డైరెక్టర్ గారు ఫైల్లోంచి ఫారం తీశారు. నేను పెట్టిన ఫారమే.

“ఇంట్లో అందరూ బాగున్నారాండి?”

“దేవుడి దయ వల్ల బాగున్నామండి.”

“మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రాశారు కదండి.”

ఆమె ఫారం వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది. “రాశానండి. అబద్ధం రాయలేదండి.”

“రెండుసార్లు కూర్చుండిపోయారని కూడా రాశారండి.”

“ఆయ్. ఫ్యాను లేక, ఆ ఆవిరికండి. ఫ్యాను బాగు చేయిత్తే తగ్గిపోద్దండి. చేయిత్తారాండి?”

“తప్పకుండా చేయిస్తామండి” అన్నారు ఆయన. “మీ ఆరోగ్యం మాకు చాలా ముఖ్యం అండి.”

కెమిస్ట్రీ హెడ్ కిటికీలోంచి చూస్తున్నారు. కిటికీ అవతల సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు. ఆమె లేచి అందరికీ దణ్ణం పెట్టి, తాగిన గ్లాసు కూడా తనే తీసుకుని బయటికెళ్ళింది. ఎంత అలవాటో.

వారం తిరక్కుండా ఉత్తరం తయారైంది. అటెండర్లకి అర్థమయ్యేలా తెలుగులో రాయమన్నారు. ‘మీ ఆరోగ్య పరిస్థితి గురించి మీరే స్వయంగా తెలియజేసిన వివరాల దృష్ట్యా, మీ క్షేమాన్ని కోరి, మిమ్మల్ని ఈ శ్రమతో కూడిన ఉద్యోగానికి ఎంపిక చేయడం లేదు.’ రాశాను. రాసి మళ్ళీ చదివినప్పుడు గమనించాను, ఇన్నేళ్ళలో మా ఆఫీసు కాగితం ఆమెను మీరు అనడం అదే మొదటిసారి. నేనూ ఎప్పుడూ అనలేదు.

ఆమె ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. నా బల్ల ముందుకొచ్చి అడిగింది.

“ఆ కాయితం డైరెక్టరుగారి దగ్గరికి ఎలా వెళ్ళిందండి?”

నేను తలెత్తలేదు. “ఇప్పుడంతా సిస్టమ్ కదమ్మా. దానంతటదే వెళ్ళిపోతుంది.”

“ఆయ్, అలాగాండి” అని వెళ్ళిపోయింది.

ఆమె చివరి రోజున డైరెక్టర్ గారు కడియం నుంచి తెప్పించిన మందార మొక్క ఒకటి చేతికిచ్చి ఫోటో తీయించారు. మొక్క ఆమె భర్త మట్టి నింపిన సంచిలోదే అయినా ఆశ్చర్యం లేదు. ఆ నెల సమాచార పత్రంలో ఆ ఫోటో వేసి, ‘సీనియర్ సహోద్యోగికి కఠినమైన విధుల నుంచి విశ్రాంతి: ఆరోగ్యమే మొదటి ప్రాధాన్యం’ అని రాశాను. మొదటి పేజీలో కొత్త అటెండర్ని పారదర్శకంగా ఎంపిక చేసిన సంగతి వేశాను. చురుకైనవాడు, ఏ సర్వేలోనూ ఏమీ రాయనివాడు. అతను చేరడానికి రెండు రోజుల ముందు ల్యాబులో ఫ్యాను బాగు చేయించారు. అది కూడా వేశాను. ‘మీ మాట విన్నాం’ అని దానికి శీర్షిక.

నెల తర్వాత ఆమె నుంచి ఫోన్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కృతజ్ఞత కూడిక పెట్టాం, రావాలండి అని. పర్మినెంట్ అయితే కదా పెడతానన్నావు అన్నాను. ఇంత మొరటుగా అడగడం నాకే చెల్లింది.

“ఇత్తేనే చేత్తానంటే అది బేరం అవుద్దండి” అంది.

వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. కాని ఆ మాట డైరెక్టర్ గారి చెవిన వేశాను, ఎందుకు వేశానో తెలియదు. ఆయన మొహం వెలిగిపోయింది. “తప్పకుండా వెళ్ళండి. మనం మాజీ ఉద్యోగుల్ని కూడా మర్చిపోలేదని ఒక ఫోటో వేద్దామండి” అన్నారు. అలా, ఫోటో తీసే పని మీద, ఆ ఇంటికి వెళ్ళాను.

కాలవ గట్టు పక్కన రెండు గదుల డాబా. ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. గుమ్మం పక్కన మందార మొక్క, అప్పటికే నేలలో నాటారు. చర్చి అయ్యగారు వాక్యం చెప్పారు, పాటలు పాడారు. ఆ తర్వాత ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచింది. నేను ఫోన్ పట్టుకుని ఫోటోకి సిద్ధంగా ఉన్నాను.

ఇన్నేళ్ళు పని ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం అంది. ఫ్యాను బాగైందట, పిల్లలకి మంచిది, అందుకూ స్తోత్రం అంది. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. ఆయాసం ఇంకా తగ్గలేదు.

“నా కాయితం దానంతటదే పైకి వెళ్ళిందని చెప్పారండి” అంది. “నేను ఇరవై ఏళ్ళు ఆ ఆఫీసులో కాయితాలు మోశానండి. ఈ గది నుంచి ఆ గదికి ఒక్క కాయితం కూడా దానంతటది వెళ్ళగా నేను చూడలేదండి. ఎవరో ఒకరు మోయాలండి. నా కాయితం మోసినవారిని దేవుడు చల్లగా చూడాలండి. ఆరి కోసం కూడా ప్రార్థన చేయండి, అయ్యగారండి.”

అందరూ తలలు వంచారు. అయ్యగారు ఎవరో తెలియని ఆ మనిషి కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. ఆరోగ్యం, ఇల్లు, పిల్లలు, అన్నీ అడిగారు. ఆ తర్వాత, ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని చుట్టూ చూశారు. నేను ఫోన్ తెర తుడుచుకుంటూ కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఆమే వచ్చి నా విస్తట్లో కూర వేసింది. వేళ్ళ నలుపు ఇంకా పోలేదు. “సరిగా తినట్లేదండి మీరు” అంది. తిన్నాను. ఆ ఫోటో ఆ నెల సమాచార పత్రంలో వేశాను.

ఈ ఏడాది సర్వేలో ఒక్క ఫారంలోనూ ఫిర్యాదు లేదు, పేరు లేదు, సంతకం లేదు. అందరూ బాగుంది అనే రాశారు. ఉద్యోగుల సంతృప్తిలో గొప్ప మెరుగుదల అని రాసి పంపాను. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. కత్తెర ఇంకా డ్రాయరులో ఉంది, కొత్తదే.

ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను, దాచలేదు. ఆమె పేరు రాయలేదు, అది ఆమె మర్యాద కోసం. డైరెక్టర్ గారి పేరు రాయలేదు, అది నా ఉద్యోగం కోసం. చివరికొచ్చాక కింద నా పేరు రాద్దామని పెన్ను పెట్టాను, చాలాసేపు అలాగే ఉంచాను. ఆమె ఈ కాగితం చూస్తే దీన్ని ఏమంటుందో నాకు తెలుసు. అయినా రాయలేదు.